పదడుగుల గెడ, ఎనిమిదడుగుల షెడ్డు

నాకు కోపం త్వరగా వస్తుందని మా ఆవిడ అంటుంది. త్వరగా రాదు, వేళకి వస్తుంది, అంతే. ఒక్కసారి మాత్రం రావలసిన చోట రాకుండా పోయింది. మా కోడలి ఏడాదిన్నర కష్టాన్ని ఒకాయన ఒక్క ఉత్తరంతో కొట్టిపారేస్తే, నేను ఆయన పక్కన నిలబడి భేష్ అన్నాను. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఇది చెబుతున్నానని పైకి అంటాను గానీ, అసలు చివర్లో మేం గెలిచిన సంగతి చెప్పుకోవడానికే.

నేను షట్టర్లు బిగించేవాణ్ణి. దుకాణాలకీ గోదాములకీ ముందు పైనుంచి గడగడమని దిగుతాయే, ఆ ఇనప షట్టర్లు. ముప్పై రెండేళ్ళుగా ఇదే పని. నాకు జోడీ మా తోడల్లుడు. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్న పాపానికి నాతో పని కూడా చెయ్యాల్సి వచ్చిందని కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

మా కోడలు బడిలో పెద్ద తరగతులకి భౌతికశాస్త్రం చెబుతుంది. పాఠ్యపుస్తకాల కమిటీవాళ్ళు పదకొండో తరగతికి కొత్త పుస్తకం వేస్తూ, అందులో ఒక అధ్యాయం ఆమెకి అప్పగించారు. దాని పేరు ప్రత్యేక సాపేక్షతా సిద్ధాంతం.

“ఆపేక్ష తెలుసు, ఉపేక్ష తెలుసు. ఈ సాపేక్ష ఎవరమ్మా, మనకి చుట్టమా?” అన్నాను మొదటిరోజు.

“దూరపు చుట్టమే మామయ్యా. దగ్గరికి రానిస్తే మంచిది,” అంది.

నవ్వుతూనే అంది గానీ ఆ పాఠం మీద ఆమెకి పాత కక్ష ఉంది. తను చదువుకునే రోజుల్లో అర్థం కాలేదని లేచి అడిగితే, వాళ్ళ సారు ‘అర్థం దేనికి, కంఠతా పట్టు, మార్కులొస్తాయి’ అన్నాడట. పట్టింది. వచ్చాయి. అర్థం మాత్రం పదేళ్ళ తర్వాత, తనే పాఠం చెప్పడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం బస్సులో వచ్చిందట. ఆ సంతోషంలో దిగాల్సిన చోటు దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచిందట. ఇక ఏ పిల్లకీ ఆ ‘కంఠతా పట్టు’ అనే మాట వినే అవసరం రాకుండా రాస్తానని పంతం పట్టింది. బట్టలుతికే మెషిన్ పక్కన చిన్న బల్ల వేసుకుని ఏడాదిన్నర ఆదివారాలన్నీ దానికే పోసింది. మెషిన్ గిరగిరా తిరిగేటప్పుడు ఆమె అక్షరాలు కూడా వణికేవి.

అందులో అసలైన ఉదాహరణ నా పని చూసి అల్లుకున్నదే. ఒక షెడ్డు. పొడవు ఎనిమిదడుగులు, రెండు చివరలా రెండు షట్టర్లు. ఒక గెడ, పొడవు పదడుగులు. మామూలుగా అయితే పట్టదు. కానీ గెడ వెలుతురు వేగంలో ఐదింట మూడు వంతుల వేగంతో దూసుకొస్తే, షెడ్డులో నిలబడినవాడి కొలతకి అది కుంచించుకుపోయి ఎనిమిదడుగులే అవుతుందట. సరిగ్గా పడుతుంది. ఆ రెప్పపాటులో అతను రెండు షట్టర్లూ ఒకేసారి దించి వెంటనే ఎత్తేయొచ్చు. ఇది నూటపన్నెండో పేజీ, కాగితానికి ఒకవైపే అచ్చేసిన ప్రూఫులో.

పేజీ తిప్పితే గెడ మీద కూర్చుని వచ్చేవాడి కథ. వాడి లెక్కకి గెడ కదలడం లేదు, షెడ్డే ఎదురొస్తోంది. కాబట్టి కుంచించుకున్నది షెడ్డు. ఆరడుగుల పైచిల్లర షెడ్డులో పదడుగుల గెడ ఏ క్షణంలోనూ పూర్తిగా పట్టలేదు. రెండూ నిజమే అంటుంది పుస్తకం.

దానిమీద వచ్చింది ఉత్తరం. రాసినాయన తర్కశాస్త్రం బోధించి రిటైరైన పెద్దమనిషి. కమిటీ తరఫున ప్రతి అధ్యాయాన్నీ జల్లెడ పట్టేది ఆయనే. మేం తర్కం మాస్టారు అనేవాళ్ళం. ఆ సాయంత్రం కోడలు ఆయన ఉత్తరం బల్ల ముందు నిలబడి పైకి చదివింది.

“‘ఒకే వస్తువు ఒకే సమయంలో ఒకచోట ఉన్నదనియు, లేదనియు రెండూ అనరాదు. ఇది ఆలోచనకు పునాది. నూటపన్నెండవ పేజీలో గెడ షెడ్డులో ఉన్నది. నూటపదమూడవ పేజీలో లేదు. ఈ సిద్ధాంతము తనను తానే ఖండించుకొనుచున్నది. పిల్లలకు వైరుధ్యమును బోధింపరాదు. అధ్యాయమును తొలగింపవలెను.’”

పది రోజుల్లో కమిటీ ముందుకొచ్చి సమాధానం చెప్పుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చెప్పుకోలేకపోతే అధ్యాయం పోయి, దాని బదులు రెండు పేజీల సూత్రాల పట్టిక వస్తుంది. పిల్లలు కంఠతా పట్టుకోవడానికి.

నేను టీ గ్లాసు కింద పెట్టి అన్నాను, “ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది అమ్మాయ్? గెడ పట్టిందంటే పట్టింది, లేదంటే లేదు. సగం పట్టిన గెడని నేనెక్కడా చూళ్ళేదు. ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. పట్టుకోవాల్సింది వాణ్ణి.”

ఆమె ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆవిడ నావైపు చూసిన చూపుకి షట్టర్ కూడా వంగేది.

“కోడల్ని రాచి రంపాన పెట్టే మామల గురించి విన్నాను గానీ, శాస్త్రంలో కూడా అడ్డంపడే మామని ఇప్పుడే చూస్తున్నా,” అంది. “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ పిల్లకి ఇల్లే మంచిది కాకుండా చేశావు.”

నాకు సిగ్గేసింది. కానీ నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గెడ సంగతి నాకు ఎటూ మింగుడుపడలేదు.

రెండ్రోజుల తర్వాత ఒక గోదాములో పని. రెండు వందల అడుగుల పొడవు, రెండు చివరలా రెండు మోటారు షట్టర్లు, రెండింటికీ కలిపి ఒకే స్విచ్చి. రెండూ ఒకేసారి దిగాలని గోదాము మేనేజరు పట్టుబట్టాడు. నేనీ చివర, తోడల్లుడు ఆ చివర నిలబడ్డాం. స్విచ్చి వేశారు. నా షట్టర్ ధన్‌మని నేల తాకింది, ఆ తర్వాత అతనిది వినబడింది.

“నాది ముందు పడింది!” అని నేను ఫోన్లో అరిచాను.

“చెవులు తెరుచుకుని విను అన్నయ్యా, నాదే ముందు!” అని అతనూ అరిచాడు.

పావుగంట కొట్లాడుకున్నాం. మాకిది కొత్త కాదు, ఎక్కడ జోడు షట్టర్లు బిగించినా ఇదే పంచాయితీ. మేనేజరు మధ్యలోకొచ్చి నిలబడి మళ్ళీ స్విచ్చి వేయించాడు. “రెండూ కలిసే పడ్డాయి కదయ్యా,” అన్నాడు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఎవడి దగ్గర నిలబడితే వాడి షట్టరే ముందు! అబద్ధమాడేవాడు ఎవడూ లేడు!

పనిముట్లు తోడల్లుడి నెత్తిన పడేసి ఇంటికి పరుగెత్తాను. కోడలు బట్టలు ఆరేస్తోంది. వాకిట్లోనే మొత్తం ఏకరువు పెట్టి, “ఇదే కదా నీ సాపేక్షత!” అని ఛాతీ విరుచుకున్నాను.

ఆమె క్లిప్పు నోట్లోంచి తీసి, ఎంతో మెల్లగా, చిన్నపిల్లాడి చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టుగా అంది, “కాదు మామయ్యా. అది చప్పుడు ఆలస్యంగా రావడం. రెండు వందల అడుగులు దాటి రావడానికి చప్పుడుకి ఎంతసేపు పడుతుందో లెక్కేసి తీసేయండి. ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది. నా పాఠంలో ఆలస్యాలన్నీ లెక్కేసి తీసేశాక కూడా తేడా మిగులుతుంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.”

కాలు తీసుకుని కడుక్కున్నాను. కానీ ఆమె ముఖంలో రెండ్రోజుల తర్వాత చిన్న వెలుగు కనిపించింది. మామయ్య కనీసం పోట్లాటకి దిగాడని కాబోలు.

“రేపు ఆదివారం. మా షాపుకి రా,” అన్నాను. “పుస్తకం పట్టుకుని రా.”

వచ్చింది. నేను పనిబల్ల మీద గ్రీజు తుడిచి, ఆ రెండు పేజీలూ చూశాను. నూటపన్నెండులో ఒక బొమ్మ, షెడ్డువాడు చూసేది. పేజీ తిప్పితే నూటపదమూడులో ఇంకో బొమ్మ, గెడవాడు చూసేది. చూడగానే నాకు తెలిసిపోయింది.

“ఇదమ్మాయ్ నీ తప్పు. మా పనిలో ఎవడైనా ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఇంకో బొమ్మ గీసుకొచ్చి, రెండూ కలిపి చూపించమంటే నీళ్ళు నమిలితే, వాడు కొలత దాస్తున్నాడని లెక్క. మొత్తం ఒకే బొమ్మలో పడితేనే నేను బిగిస్తాను. నీ గెడ, నీ షెడ్డు, ఇద్దరు మనుషులూ ఒకే బొమ్మలో పడాలి. గీయి. చెరపడాలు, మళ్ళీ గీయడాలు లేవు. పడిందా, నీ సిద్ధాంతం బతికినట్టు. పడలేదా, తర్కం మాస్టారు గెలిచినట్టు.”

“అలాంటి బొమ్మ ఉంది మామయ్యా. గీతలు చూసి పిల్లలు బెదిరిపోతారని పెట్టలేదు.”

“గీతలకి బెదిరితే షట్టర్‌కీ బెదరాలి. అది మొత్తం గీతలేగా!”

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకేసారి గోడవైపు చూశాం. అక్కడ ఎవరో వద్దన్న పాత షట్టర్ వేలాడుతోంది. ఎనిమిదడుగుల వెడల్పు, ఒకదాని కింద ఒకటి అడ్డపట్టీలు.

ఆమె లేచి సుద్దముక్క తీసుకుంది. అప్పటిదాకా ఉత్తరం బరువుకి ఒంగిన మనిషి ఒక్కసారిగా నిటారుగా నిలబడింది.

“ఒక్కో పట్టీ ఒక్కో క్షణం అనుకోండి. కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత. ఒక పట్టీ ఎక్కేలోపు వెలుతురు ఒక అడుగు దూరం పోతుంది. షెడ్డు ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి దాని రెండు షట్టర్లూ రెండు నిలువు గీతలు.”

పాఠంలోని అడుగుకి షట్టర్ మీద అర అడుగు లెక్కన నేను దారానికి రంగు పూసి నిలువుగా రెండు గీతలు కొట్టాను. గెడ కదులుతుంది, కాబట్టి దాని రెండు కొసలూ కుడివైపుకి ఒరిగిన గీతలు. ఐదు పట్టీలు ఎక్కేలోపు మూడడుగులు. అవీ కొట్టాను. వెనక కొస ఎడమ షట్టర్‌ని తాకే చోటా, ముందు కొస కుడి షట్టర్‌ని తాకే చోటా ఎర్ర చుక్కలు పెట్టింది. రెండు చుక్కలూ ఒకే పట్టీ మీద పడ్డాయి. షెడ్డువాడికి రెండు షట్టర్లూ ఒకేసారి దిగాయి, గెడ లోపలుంది. ఇంతవరకూ నాకూ ఇబ్బంది లేదు.

“ఇప్పుడు గెడవాడి ‘ఒకేసారి’ ఎక్కడుందో చూద్దాం,” అంది. “గెడ నడిమధ్యలో దీపం పెట్టి వెలిగించాడు. రెండు కొసలకీ వెలుతురు ఎప్పుడు చేరుతుంది? వాడి లెక్కలో చెప్పండి.”

“నడిమధ్య కదా. ఒకేసారి చేరుతుంది.”

“వెలుతురు వేగం ఎవరు కొలిచినా ఒక్కటే. కొలిచి చూసి ఒప్పుకున్న సంగతి అది. మనం నమ్మాల్సింది అదొక్కటే మామయ్యా. మిగతాదంతా మీ దారమే చెబుతుంది. వెలుతురు గీతలు కొట్టండి.”

కొట్టాను. దీపం దగ్గర్నుంచి అటొకటి, ఇటొకటి, పట్టీకి అడుగు చొప్పున. వెనక కొస వెలుతురుకి ఎదురెళుతోంది, రెండున్నర పట్టీల్లోనే కలిసింది. ముందు కొస వెలుతురు నుంచి పారిపోతోంది, పది పట్టీల తర్వాత గానీ చిక్కలేదు. ఆ రెండు చోట్లూ కలుపుతూ దారం లాగాను. అది పట్టీల వెంట పడలేదు. కుడివైపు పైకి లేచి ఏటవాలుగా నిలిచింది.

నా చేతిలో దారం అలాగే ఉండిపోయింది. ముప్పై రెండేళ్ళుగా వంకరగా దిగే షట్టర్‌ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రసమట్టం పెట్టి సరిచేసేదాకా అన్నం సహించదు. ఇక్కడ గెడవాడి మట్టమే వేరు. వాడి రసమట్టంలో బుడగ ఈ ఏటవాలు గీత మీద సరిగ్గా మధ్యలో నిలుస్తుంది.

“ఇదే వాలులో కుడి ఎర్ర చుక్క మీదుగా లాగండి,” అంది.

లాగాను. ముందు కొస కుడి షట్టర్‌ని తాకిన ఆ క్షణంలో, గెడవాడి లెక్కలో వెనక కొస ఎక్కడుందో దారం చూపించింది. ఏడున్నర పట్టీలు కింద, షెడ్డుకి నాలుగున్నర అడుగులు బయట.

బయట! గెడ వాడికి పట్టలేదు, షెడ్డువాడికి పట్టింది. బొమ్మ ఒక్కటే. చుక్కలు అవే. ఒక్క గీత కూడా చెరపలేదు.

నేను సుద్ద చేతులతోనే ఆమె తల మీద చెయ్యి పెట్టాను. “తల్లీ, అబద్ధమాడింది గెడ కాదు, షెడ్డూ కాదు. ‘ఒకేసారి’ అనే మాట! అది ఒక్క మాటలా కనిపిస్తుందిగానీ ఒక్కటి కాదు!”

ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. బుగ్గ మీద సుద్ద అంటుకుంది. “బస్సులో నాకు అర్థమైంది ఇదే మామయ్యా. ఇన్నాళ్ళూ ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.”

కమిటీకి వెళ్ళే రోజు మా ఆవిడ ఆ బొమ్మని కాగితం మీద గీసుకుపొమ్మంది. నేను ఒప్పుకోలేదు. అసలు సరుకే తీసుకెళ్తానన్నాను. షట్టర్ చుట్టి, తోడల్లుణ్ణి పిలిచి, చిన్న లారీ మీద వేసుకుని ముగ్గురం బయల్దేరాం.

కమిటీ ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టులోకి చుట్ట పట్టలేదు. మెట్ల మీద మోసుకెళ్తే మొదటి మలుపులోనే గోడకి తగిలి ఆగిపోయింది. అటు తిప్పినా ఇటు తిప్పినా నాలుగు వేళ్ళ మందం ఎక్కువ.

“అన్నయ్యా, కాస్త పరుగెత్తుకుంటూ వద్దామా?” అన్నాడు తోడల్లుడు ఆయాసపడుతూ. “వేగంగా వస్తే కుంచించుకుంటుందని అమ్మాయి రాసిందిగా.”

కోడలికి నవ్వాగలేదు. ఆ నవ్వు పైదాకా వినబడి కమిటీ అధ్యక్షురాలు రెయిలింగ్ మీంచి తొంగి చూసింది. సంగతి విని, “అది పైకి రాకపోతే మేమే కిందికి వస్తాం,” అంది.

కార్లు పెట్టే చోట ఇనప దూలానికి షట్టర్ వేలాడదీశాం. కమిటీ మొత్తం కుర్చీలు దించుకుంది. డ్రైవర్లు, గుమాస్తాలు, టీ తెచ్చే ఆవిడ, అందరూ చేరారు. తర్కం మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. పొడుగ్గా, పలచగా, జేబులో రెండు వైపులా చెక్కిన పెన్సిళ్ళతో ఉన్నారు. నేను ఊహించినట్టు ముఖంలో వెటకారమేమీ లేదు. అందుకు నాకు కొంచెం నిరాశ కలిగింది కూడా.

కోడలు బొమ్మని మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. తడబడలేదు. ఆయన చివరిదాకా విని, ఒక పెన్సిలు తీశారు.

“బాగుందమ్మా. నాకు గీతలొద్దు, ఒక్క మాట చెప్పు. గెడ షెడ్డులో ఉందా, లేదా?”

“‘ఉంది’ అనే మాటలోనే ‘ఇప్పుడు’ అనేది దాగుందండీ. ఎవరి ‘ఇప్పుడు’ అని అడగకుండా జవాబు చెప్పలేను.”

“అది దాటవేత. ఒకే వస్తువు ఉందనీ లేదనీ...”

ఆ ఉత్తరం నాకు నోటికొచ్చేసింది పది రోజుల్లో. నా కోపం అప్పుడొచ్చింది, సరిగ్గా వేళకి.

“అక్కడ ఒక మాట మింగేశారండీ మాస్టారూ!” అన్నాను లేచి. “మీ ఉత్తరంలో మీరే రాశారు, ‘ఒకే సమయంలో’ అని. ఉందనీ లేదనీ ఒకే సమయంలో అనకూడదని! ఆ ఒకే సమయం ఎవరిది? షెడ్డువాడిదైతే అడ్డపట్టీ చూడండి. గెడ ఉంది, లేదని ఎవడూ అనలేదు. గెడవాడిదైతే ఏటవాలు దారం చూడండి. లేదు, ఉందని ఎవడూ అనలేదు. మీ సూత్రాన్ని ఎవడు తప్పాడో మీరే చూపించండి!”

గుమాస్తాలు నవ్వు ఆపుకున్నారు. అధ్యక్షురాలు నన్ను కూర్చోమని సైగ చేసింది. తర్కం మాస్టారు మాత్రం కూర్చుని ఉండలేదు. లేచి షట్టర్ దగ్గరికొచ్చి నా చేతిలోని దారం అందుకున్నారు.

“ఎదురు దిశలో వెళ్ళేవాణ్ణి ఒకణ్ణి పెడతాను,” అన్నారు. ఆయనే రంగు పూసి, ఆయనే లాగారు. ఆయన గీత ఎడమవైపు పైకి లేచింది. “వీడి ప్రకారం ఎడమ షట్టరే ముందు పడింది. గెడవాడి ప్రకారం కుడిది. అంటే ముందువెనకలు తారుమారు! అలా అయితే రేపు తండ్రికంటే కొడుకు ముందు పుట్టాడని కూడా అనొచ్చా?”

ఇది నాకు తట్టలేదు. కోడలివైపు చూశాను. ఆమె అప్పటికే సుద్ద పట్టుకుని ఎడమ చుక్క నుంచి వెలుతురు గీత గీస్తోంది.

“అనలేమండీ. చూడండి, ఈ చుక్క నుంచి బయల్దేరిన వెలుతురు ఆ షట్టర్ చేరేసరికి ఎనిమిది పట్టీలు పైకెళ్ళిపోయింది. అంటే ఒక షట్టర్ పడిన కబురు ఇంకో షట్టర్ పడేలోపు దానికి చేరే దారే లేదు. ఒకదానికి ఒకటి కారణం కాలేదు. అలాంటివాటికే ముందువెనకలు మారతాయి. కబురు చేరగలిగితే, తండ్రీ కొడుకులైతే, ఎవరు ఏ వేగంతో వెళ్ళినా వరస మారదు. ఎవరి ‘ఇప్పుడు’ గీతా వెలుతురు గీతని దాటి వాలదు. మీరే లాగి చూడండి.”

ఆయన లాగి చూశారు. ఒకసారి కాదు, నాలుగైదు వాలుల్లో. పంచె అంచుకి నీలిరంగు అంటినా పట్టించుకోలేదు. దారం టప్‌మని తగులుతూనే ఉంది. ప్రతిసారీ ఆయన ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి, అవి ఉన్నచోటే ఉన్నాయా అన్నట్టు చూసుకున్నారు.

చివరికి వెనక్కి తిరిగారు. “నలభై ఏళ్ళు పిల్లలకి ఒక మాట చెప్పాను,” అన్నారు. “కొన్ని వాక్యాల్లో వైరుధ్యం లేదని రుజువు చెయ్యాలంటే, అవన్నీ కలిసి నిజమయ్యే ఒక్క నమూనా చూపిస్తే చాలు అని. ఈ అమ్మాయి చూపించింది. అదీ తలుపు మీద! తప్పు సిద్ధాంతంలో లేదు. నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు.”

ఆయన జేబులోంచి ఉత్తరం నకలు తీసి, ‘తొలగింపవలెను’ అన్న మాట కొట్టేశారు. దానిపైన ఏదో రాసి కోడలి చేతికిచ్చారు. ఆమె చదివి నాకందించింది. ‘ఈ అధ్యాయమును పుస్తకమునకు మొదట వేయవలెను’ అని ఉంది.

మొదట వెయ్యలేదు లెండి, కమిటీ అన్నాక దానికో వరస ఉంటుంది. కానీ ఒక్క అక్షరం తీయలేదు. టీ తెచ్చిన ఆవిడ మాత్రం వెళ్ళబోతూ కోడల్ని ఆపి, “మా పాప పదకొండుకి వస్తోందమ్మా. ఇదేనా పుస్తకంలో ఉండేది? నాకే అర్థమైంది,” అంది. కోడలు ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. మాస్టారి రాతకంటే ఆ మాటకే ఆమె ఎక్కువ పొంగిపోయిందని నాకు తెలుసు. లారీలో ఇంటికొచ్చేదాకా నేను గొంతెత్తి పాడాను. బాగా పాడానని నేను, లేదని తోడల్లుడు. ఎవరి లెక్క వారిది.

పుస్తకం వచ్చింది. నూటపన్నెండు, నూటపదమూడు ఎదురెదురుగా వచ్చేలా అమర్చి, రెంటి మీదా పరుచుకుని ఒకే బొమ్మ వేశారు. అడ్డపట్టీలు, ఏటవాలు దారం, ఎర్ర చుక్కలు. కింద తర్కం మాస్టారు పట్టుబట్టి చేర్పించిన ప్రశ్న ఒకటి ఉంది: ‘ఒకేసారి అని ఎవరైనా అంటే మీరు మొదట అడగవలసిన మాట ఏది?’ మా ఆవిడ ఆ పేజీ తెరిచి, వచ్చినవాళ్ళందరికీ, కూరగాయలమ్మేవాడితో సహా చూపించింది.

నిన్న కొత్త షెడ్డులో పద్దెనిమిదడుగుల షట్టర్ ఎక్కించాం. నిచ్చెనల మీద అటు నేను, ఇటు తోడల్లుడు. కింద యజమాని, నలుగురు మనుషులు. చుట్ట భుజాల మీద బరువుగా ఉంది. ముప్పై రెండేళ్ళ అలవాటుగా నేను గట్టిగా అరిచాను.

“ఒకేసారీ... ఎత్తు!”

అటు చివర నుంచి ఎత్తడానికి బదులు గొంతు వినబడింది. “ఎవరి ప్రకారం, అన్నయ్యా?”

నవ్వుకి నా నిచ్చెన ఊగింది. కింద యజమాని ఏమైందో తెలియక పైకి చూస్తున్నాడు. “అమ్మాయి ప్రకారం!” అని అరిచాను. ఇద్దరం ఎత్తాం. చుట్ట మట్టంగా వెళ్ళి గూట్లో కూర్చుంది.